ప్రధానపు ఉంగరములో ప్రయోగశాల వజ్రము



పత్తి, వడ్లు అమ్ముడుపోయి చేతికి నాలుగు డబ్బులు వచ్చే రోజులలోనే మన పల్లెలలో పెండ్లి మాటలు మొదలవుతాయి. మాటలు కుదిరిన తరువాత ప్రధానము, ఆ పైన మూడు ఆదివారములు గుడిలో పెండ్లి ప్రకటనలు, తరువాత వివాహము. ఈ క్రమములో కాపరులమైన మమ్ములను ఇదివరకు ఎవ్వరూ అడగని ప్రశ్న ఒకటి కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల యౌవనస్థులు ఇప్పుడు అడుగుతున్నారు. "అయ్యగారూ, ప్రధానపు ఉంగరానికి ల్యాబులో చేసిన వజ్రం పెట్టించవచ్చునా? అది అసలుదా, నకిలీదా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఉంగరము దగ్గర మాట తేడా వచ్చి రెండు కుటుంబముల నడుమ మనస్పర్థలు పుట్టడము, ఒకరిని చూసి ఒకరు అప్పుల పాలు కావడము మేము చూశాము. కాబట్టి ఆ రాయి సంగతి ఉన్నది ఉన్నట్లుగా తెలుసుకొని, తరువాత దేవుని వాక్యపు వెలుగులో ఆలోచిద్దాము.

బొగ్గు, వజ్రము

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి కుటుంబములకు బొగ్గును గురించి ఒకరు చెప్పనక్కర లేదు. ఆ బొగ్గులో ఎక్కువ భాగము కర్బనము. మన పిల్లలు వ్రాసే పెన్సిలు లోపలి నల్లని పుల్లలో ఉన్నదీ కర్బనమే. వజ్రము కూడా కర్బనమే. పరమాణువులు ఒకదాని ప్రక్కన ఒకటి అమరిన తీరులోనే భేదమంతా ఉన్నది. బొగ్గు నలిగి నలిగి వజ్రమవుతుందని కొందరు చెబుతారు గాని అది నిజము కాదు. బొగ్గు పూర్వకాలపు చెట్లు పూడిపోయి ఏర్పడినది. వజ్రమైతే భూమిలో సుమారు 150 కిలోమీటర్ల లోతున, గొప్ప వేడిమిలో, గొప్ప ఒత్తిడిలో ఏర్పడి, అగ్నిపర్వతపు రాతితో కూడ పైకి వచ్చినది.

ఆ వేడిమిని, ఆ ఒత్తిడిని మనుష్యుడు యంత్రములో కల్పించగలిగాడు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ శాస్త్రజ్ఞులు 1954 డిసెంబరులో ఈ పని సాధించి, 1955 ఫిబ్రవరిలో లోకానికి ప్రకటించారు. అప్పటి రాళ్లు ఇసుక రేణువులంతటివి. కోత పనిముట్లకే పనికివచ్చేవి. నగలలో పెట్టదగిన రాళ్లను అదే కంపెనీ 1970లో తయారుచేసింది.

నేడు రెండు పద్ధతులున్నవి. మొదటిది ఒత్తిడి పద్ధతి. చిన్న వజ్రపు ముక్కను విత్తనముగా పెట్టి, కరిగిన లోహములో కర్బనమును కరిగించి, గాలి ఒత్తిడికి యాభై వేల రెట్లు మించిన ఒత్తిడిని కలిగిస్తారు. ఆ కర్బనము విత్తనము మీద పేరుకొని పెరుగుతుంది. రెండవది వాయువు పద్ధతి. మూసిన గదివంటి పాత్రలో పలుచని వజ్రపు పలకను ఉంచి, మీథేను, హైడ్రోజను వాయువులను పంపి బాగా వేడిచేస్తారు. వాయువులోని కర్బనము పొరమీద పొరగా పలకమీద దిగుతుంది. ఉంగరానికి తగిన రాయి పెరగడానికి కొన్ని వారములు పడుతుంది.

మరి అది నకిలీదా? రాళ్లవానలో ఆకాశమునుండి పడ్డ గడ్డ మంచుగడ్డే, ఇంట్లో ఫ్రిజ్‌లో కట్టిన గడ్డ మంచుగడ్డే. పుట్టిన చోటు వేరు, పదార్థము ఒకటే. ప్రయోగశాల వజ్రము కూడా అటువంటిదే. అది వజ్రమే, గట్టితనములోను, మెరుపులోను గనిలోని వజ్రానికి తీసిపోదు. అయితే బజారులో అమెరికన్ డైమండ్ అని పిలిచే రాయి వజ్రము కాదు, అది వేరొక పదార్థము. మొయిసనైట్ అనేదీ వజ్రము కాదు. ఈ భేదము తెలియకనే మన ఇండ్లలో సగము తగవులు పుడుతున్నవి.

మన తెలుగు నేల సంగతి

వజ్రము మనకు పరాయిది కాదు. 18వ శతాబ్దపు తొలి భాగములో బ్రెజిలు దేశములో వజ్రములు దొరికేదాకా లోకానికి వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండే వెళ్లేవి. గోలకొండ పేరుతో ప్రసిద్ధి చెందిన ఆ రాళ్లు నిజానికి గోలకొండ కోటలో పుట్టినవి కావు. కృష్ణా తీరమందలి కొల్లూరు మొదలైన గనులలో దొరికి, గోలకొండ బజారులో అమ్ముడైనవి. కోహినూరు కూడా కొల్లూరుదేనని చెబుతారు. ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే 17వ శతాబ్దములో కొల్లూరును చూసి, అక్కడ పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. రాజుల పేర్లు మిగిలినవి, రాళ్ల పేర్లు మిగిలినవి. ఆ మట్టి మోసినవారి పేరు ఒక్కటైనా మనకు తెలియదు.

ఇటీవలి చరిత్ర చూచినా అంతే. 1990లలో ఆఫ్రికా ఖండములోని సియెర్రా లియోన్, అంగోలా దేశములలో వజ్రములు అమ్మిన డబ్బుతో తిరుగుబాటు సేనలు తుపాకులు కొన్నవి. ఆ వ్యాపారమును అరికట్టడానికే 2003లో కింబర్లీ ఒప్పందము అమలులోకి వచ్చింది. కాబట్టి గనిలోనుండి వచ్చినంత మాత్రాన రాయి గొప్పది కాదు. అలాగని ప్రయోగశాల రాయి పాపము లేనిదని అతిశయపడనూ కూడదు. ఆ యంత్రములకు కరెంటు చాలా కావాలి. కరెంటు ఎక్కడనుండి వస్తుందో, దాని వెనుక ఎవరి చెమట ఉన్నదో రామగుండము చుట్టుపట్ల ఉన్నవారికి తెలియనిది కాదు.

మన ప్రభుత్వము కూడా ఈ పరిశ్రమను ప్రోత్సహిస్తున్నది. 2023-24 కేంద్ర బడ్జెటులో దీని పరిశోధనకు ఐదేండ్ల సహాయము ప్రకటించి, మద్రాసు ఐ.ఐ.టి.కి సుమారు 243 కోట్ల రూపాయలు కేటాయించారు. 2023 జూన్‌లో మన ప్రధానమంత్రి అమెరికా అధ్యక్షుని భార్యకు ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రము ప్రయోగశాలలో పెరిగినదే.

ఈ ఆచారము ఎక్కడిది?

ప్రధానమునకు వజ్రపు ఉంగరమే కావాలన్న మాట మన పెద్దలనుండి వచ్చినది కాదు, పరిశుద్ధ గ్రంథమునుండి వచ్చినది అంతకన్నా కాదు. వజ్రము శాశ్వతమనే ప్రకటన వాక్యమును 1947లో డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ కొరకు అమెరికాలోని ఒక ప్రకటనల సంస్థ వ్రాయించింది. అది పత్రికలలోను, తరువాత టీవీలలోను తిరిగి తిరిగి మన ఇండ్ల గడప దాకా వచ్చింది. శాశ్వతమైన దేవుని యెదుట చేసే ప్రమాణమునకు ఒక కంపెనీ వాక్యము ఆధారము కానక్కర లేదు.

మేమెరిగిన ఒక సంగతి

బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన ఒక విశ్వాసి కుమారునికి, లక్షెట్టిపేట వైపు పల్లెలోని పత్తి రైతు కుమార్తెతో సంబంధము కుదిరింది. అబ్బాయి తన జీతములో మిగిల్చుకొని ప్రయోగశాల వజ్రపు ఉంగరము కొన్నాడు. ప్రధానానికి ముందు పెద్దలు కూర్చున్నప్పుడు అమ్మాయి మేనమామ నిలదీశాడు. "మిషన్ల చేసిన రాయంట గదా బాబూ. గది అసలుదేనా?" ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అబ్బాయి తల్లి ముఖము వాడిపోయింది.

అబ్బాయి కోపగించుకోలేదు. బిల్లు, రాయి పత్రము తెచ్చి చాప మీద పెట్టాడు. "మామా, ఇది ల్యాబుల పెరిగిన వజ్రమే. ధర గిది. గని వజ్రం కొనాలంటే నేను అప్పు చెయ్యాలె. అప్పుతోని సంసారం మొదలుపెట్టుడు నాకిష్టం లేదు" అన్నాడు. అప్పుడు అమ్మాయి తండ్రితో, "బాపూ, ఆయన ఏదీ దాస్తలేడు గదా. గదే నాకు సాలు" అన్నది.

అల్లునికి సమానమైన ఉంగరము పెట్టాలని ఆ తండ్రి అప్పటికే నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు మాట్లాడుకొని ఉన్నాడు. ఆ వడ్డీ లెక్క చూడండి. నెలకు 1,500 రూపాయలు, ఏడాదికి 18,000 రూపాయలు. అసలు అట్లాగే ఉంటుంది. ఆ రాత్రి ఆయన అప్పు మాట విరమించుకొని, రాయి లేని బంగారు ఉంగరము చేయించాడు. ప్రధానము సంతోషముగా జరిగింది. ఆ ఇంటిని నిలిపినది రాయి కాదు, చాప మీద పెట్టిన ఆ బిల్లు.

కొనేవారు గమనించవలసినవి

మొదటిది, క్యారెట్ అనే మాటకు రెండు అర్థములున్నవి. బంగారానికి అది స్వచ్ఛత, వజ్రానికి అది బరువు. ఒక క్యారెట్ వజ్రమంటే 200 మిల్లీగ్రాములు. మన పది గ్రాముల తులమునకు 50 క్యారెట్లు. వజ్రపు ఉంగరములు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారములో చేస్తారు. 22 క్యారెట్ల బంగారము మెత్తన గనుక రాయిని గట్టిగా పట్టలేదు.

రెండవది, హాల్‌మార్కు బంగారానికే గాని రాయికి కాదు. 18 క్యారెట్లకు 750 అనే అంకె, దానితో ఆరు అక్షరముల గుర్తింపు సంఖ్య ఉండాలి. రెండు గ్రాములకు తక్కువ బరువున్న నగలకు ఈ నియమము వర్తించదు. రాయికి మాత్రము ఐ.జి.ఐ. వంటి రత్న పరీక్షా సంస్థ ఇచ్చే పత్రము వేరుగా అడగండి. చాలా రాళ్ల అంచుమీద పత్రము సంఖ్యను కంటికి కనపడనంత సన్నగా లేజరుతో చెక్కుతారు; భూతద్దములో చూపించమనండి.

మూడవది, దుకాణములో పెన్నువంటి సాధనము ఆనించి వజ్రమేనని చూపిస్తే, అది గని వజ్రమని రుజువు కాదు. ఆ సాధనమునకు రెండూ వజ్రములే. భేదము కనిపెట్టడానికి ప్రత్యేక యంత్రములు కావాలి. కాబట్టి బిల్లు మీద ప్రయోగశాల వజ్రమని స్పష్టముగా వ్రాయించి, బంగారము బరువు, రాయి బరువు, కూలి వేరువేరుగా వేయించండి.

నాలుగవది, దీనిని ఆస్తిగా లెక్కించకండి. ప్రయోగశాల వజ్రముల ధరలు ఏటేటా పడిపోయినవి. డి బీర్స్ కంపెనీయే 2018లో క్యారెట్ 800 డాలర్లకు ఇటువంటి రాళ్ల అమ్మకము మొదలుపెట్టి, 2025లో ఆ వ్యాపారమును మూసివేస్తున్నట్లు ప్రకటించింది. కష్టకాలములో కుదువ పెట్టడానికి పనికివచ్చేది బంగారము, రాయి కాదు. గని వజ్రము కూడా తిరిగి అమ్మబోతే కొన్న ధర వస్తుందనుకోవద్దు.

ఐదవది, ఏ రాయి అయినా అమ్మాయివారిని అడిగి పెట్టించుకొనేది కాదు. అడిగి తీసుకుంటే అది ఉంగరము కాదు, కట్నము. 1961 నాటి చట్టము దానిని నిషేధించింది; దేవుని వాక్యము అంతకు ముందే పొరుగువాని సొత్తును ఆశించవద్దన్నది.

స్తోమత లేనివారు రాయి లేని సన్నని బంగారు ఉంగరముతో ప్రధానము చేసుకొంటే ఏ లోటూ లేదు. మన కరీంనగరు వెండి తీగ పని 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కళ. ఆ పనివారి చేత ఒక వెండి ఉంగరము చేయించుకొన్నా, మన ఊరి చేతికి అన్నము పెట్టినవారమవుతాము.

రిబ్కా కడియములు

ఆదికాండము 24వ అధ్యాయములో అబ్రాహాము దాసుడు రిబ్కాకు బంగారు ముక్కు కమ్మిని, రెండు కడియములను ఇచ్చిన సంగతి మనకు తెలుసు. వాక్యము వాటి తూకమును సహితము దాచకుండా చెప్పింది. అయితే ఆయన నగలు తీయకముందు ఏమి చూశాడు? బాటసారికి నీళ్లిచ్చి, ఒంటెలన్నిటికీ తోడిపోసిన ఆమె మనస్సును చూశాడు. ఆమె అన్న లాబాను ఏమి చూశాడు? ముక్కు కమ్మిని, కడియములను చూసి బావి దగ్గరకు పరుగెత్తాడు. అదే లాబాను తరువాత యాకోబు జీతమును ఎన్నిసార్లు మార్చాడో మనము చదివియున్నాము.

ప్రతి ప్రధానములోను ఈ రెండు చూపులు ఉంటవి. దాసుని చూపు మనిషిని వెదకుతుంది, లాబాను చూపు నగను తూస్తుంది. ప్రయోగశాల వజ్రము పెట్టడము పాపము కాదు, గని వజ్రము పెట్టడము పుణ్యము కాదు. ఒకదానిని చూపి మరొకటని చెప్పడము అబద్ధము. తీర్చలేని అప్పుతో ఏది పెట్టినా అది కొత్త కాపురము మెడకు కట్టిన తిరుగటిరాయి.

యౌవనస్థులారా, మీ వేలికి ఏ ఉంగరము తొడిగినా దాని సంగతి మీ ఇద్దరికీ, మీ రెండు ఇండ్లకూ సత్యముగా తెలిసి ఉండనీయండి. తల్లిదండ్రులారా, అల్లుని రాయిని పరీక్షించే ముందు అతని మాటను పరీక్షించండి. అవునంటే అవును, కాదంటే కాదు అనగల ఇల్లు బండమీద కట్టిన ఇల్లు. అట్టి గృహములను ప్రభువు మన సంఘములలో విస్తరింపజేయును గాక. ఆమేన్.