నడిసముద్రం నుంచి ఉత్తరం: ఏ వేళ, ఏ తరంగం?

షార్ట్‌వేవ్ రేడియో విన్నవారికి గుర్తుండే ఉంటుంది. పగలు 19 మీటర్ల బ్యాండులో స్పష్టంగా వినిపించిన స్టేషను రాత్రికి మాయమవుతుంది; ముల్లును 41 మీటర్ల వైపు తిప్పాలి. తెరచాప పడవలో పసిఫిక్ దాటే నావికుడికీ ఇదే చిక్కు. గలాపగోస్ దీవుల నుంచి మార్క్వెసాస్ దీవులకు సుమారు 5500 కిలోమీటర్లు, మూడు వారాల ప్రయాణం. ఉపగ్రహ ఫోను లేని పడవ షార్ట్‌వేవ్ రేడియోకు మోడెం, కంప్యూటరు తగిలించి ఈ-మెయిల్ పంపుతుంది. తుపాను కబురూ ఆ దారినే రావాలి.

సగం దారిలో ఉన్న పడవకు కాలిఫోర్నియా తీరం 5000 కిలోమీటర్లకు కాస్త తక్కువ. భూమి గుండ్రంగా ఉంది కదా, తిన్నగా పోయే తరంగం అంత దూరం ఎలా చేరుతుంది? ఐనో ఆవరణం వల్ల. సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు పైవాతావరణంలో ఎలక్ట్రాన్లను విడగొడతాయి. 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులోని ఎఫ్ పొర తరంగాన్ని వంచి కిందికి పంపుతుంది. ఒక గెంతుకు మహా అయితే 4000 కిలోమీటర్లు. ఆపైన సముద్రాన్ని తాకి రెండో గెంతు వేయాలి.

పౌనఃపున్యం మరీ ఎక్కువైతే తరంగం ఎఫ్ పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. మరీ తక్కువైతే 60–90 కిలోమీటర్ల ఎత్తులోని డి పొర దాన్ని మింగేస్తుంది. ఈ రెంటి నడుమ సందే నావికుడి దారి. అది గంటగంటకూ జరుగుతుంది. డి పొరలో గాలి కాస్త చిక్కన కాబట్టి పొద్దుగుంకగానే ఎలక్ట్రాన్లు తిరిగి కలిసిపోయి పొర మాయమవుతుంది. పలుచని గాలిలోని ఎఫ్ పొర మాత్రం క్రమంగా బలహీనపడుతూ తెల్లవారేదాకా నిలుస్తుంది. కనుక మధ్యాహ్నం 16 మెగాహెర్ట్జ్ పనిచేసిన చోట రాత్రికి 8 మెగాహెర్ట్జ్‌కు దిగవలసి రావచ్చు.

లెక్క చూద్దాం. నిట్టనిలువుగా పంపితే 7 మెగాహెర్ట్జ్ వరకు తిరిగి వస్తుందనుకోండి. పొడవైన గెంతుకు ఏటవాలుగా పంపిన తరంగం దానికి సుమారు 3 రెట్లు, అంటే 21 వరకు వంగుతుంది. అయితే ముందుగా కట్టే ఈ అంకె నెల మొత్తానికి మధ్యస్థ విలువ. సగం రోజులు అసలు హద్దు అంతకన్నా తక్కువే. అందుకే 15 శాతం తగ్గించి 18కి లోపల ఉన్న బ్యాండును ఎంచుకుంటారు. కంప్యూటరు ప్రోగ్రాముకు నెల, గంట, రెండు చోట్లు, సూర్యుని మచ్చల సంఖ్య ఇస్తే చాలు. ఆ మచ్చలకు సుమారు 11 ఏళ్ల చక్రం ఉంది. 2024 అక్టోబరులో అవి శిఖరానికి చేరాయి. మచ్చలు తగ్గిన ఏళ్లలో పై బ్యాండులు మూగబోతాయి.

ఇదంతా చాదస్తం కాదు. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. తప్పు బ్యాండులో అరగంట పెనుగులాడితే రాత్రి దీపాలకు కరువే.

అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర మరో పేచీ. సూర్యాస్తమయం తరువాత ఎఫ్ పొరలో బుడగల్లాంటి ఖాళీలు లేచి సంకేతాన్ని వణికిస్తాయి. ఆ రేఖ మన దేశపు దక్షిణ కొన దగ్గరగా పోతుంది. 1963లో తుంబాను రాకెట్లకు ఎంచుకున్నది అందుకే. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ ఈ అలజడులను పరిశీలిస్తూ వచ్చింది.

సౌరజ్వాలను మాత్రం నెలవారీ లెక్క పట్టలేదు. 2017 సెప్టెంబరు 6న, ఇర్మా తుపాను కరీబియన్ దీవులను మోదుతున్న సమయంలోనే పెద్ద జ్వాల చెలరేగి పగటి వైపు షార్ట్‌వేవ్ మూగబోయింది. అలాంటప్పుడు డి పొర ఒక్కసారిగా చిక్కబడుతుంది. ముందుగా తేరుకునేవి పై పౌనఃపున్యాలే కనుక నావికుడు అక్కడి నుంచే మళ్లీ వినడం మొదలుపెడతాడు.