రాజీనామా కాగితం ఎప్పుడివ్వాలి?



"ఉద్యోగం చేసేది ఆయన, మానేసేదీ ఆయన. ఇంట్లో ఉండేదాన్ని, రాజీనామా సంగతి నాకెందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ పాత జీతం ఆగిపోయి, కొత్త జీతం ఇంకా చేతికి రాని నెల ఒకటి వస్తుంది చూడండి, ఆ నెల బియ్యం డబ్బా ముందు నిలబడేది మనమే. పాలవాడికీ, చీటీల ఆవిడకూ జవాబు చెప్పుకునేదీ మనమే. పైగా ఇప్పుడు మన కూతుళ్ళూ కోడళ్ళూ కూడా ఉద్యోగాలు మారుతున్నారు. అందుకని ఈ సంగతి మనం తెలుసుకోవలసిందే.

మా ఆలూరులో మా వీధి అమ్మాయి ఒకతె ఉంది. బి.ఇడి. చదివి, రోజూ బస్సులో ఆదోని వెళ్ళి అక్కడొక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. జీతం నెలకు 12,000 రూపాయలు. ఇంట్లో నికరమైన రాబడి అదొక్కటే. 2025 ఏప్రిల్ 20న రాష్ట్ర ప్రభుత్వం 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన ఇచ్చింది గదా, ఈ పిల్లా రాసింది. ఆగస్టులో మెరిట్ జాబితా వచ్చింది. మంచి ర్యాంకు! వాళ్ళమ్మ ఆ సాయంత్రమే వీధంతా మైసూరుపాకు పంచింది. అమ్మాయి మా ఇంటికొచ్చి, "చిన్నమ్మా, రేపే రాజీనామా ఇచ్చేస్తాను. ఆ బస్సు ప్రయాణం, ఆ సణుగుడు ఇంక నావల్ల కాదు" అంది.

నేనడిగింది ఒక్కటే. "ఏ ఊరి బడిలో, ఏ తేదీన చేరమన్నారో కాగితం వచ్చిందా తల్లీ?"

రాలేదు. వచ్చింది ర్యాంకు మాత్రమే. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందన్నంత మాత్రాన తలంబ్రాలు కలిపేస్తామా? మెరిట్ జాబితా తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన, ఆపైన తుది ఎంపిక జాబితా, ఆపైన నియామక పత్రం, చివరికి బడి కేటాయింపు. ఇన్ని మెట్లున్నాయి. ఆసారి నియామక పత్రాలు ఇచ్చింది సెప్టెంబరు 25న. కొత్త టీచర్లు బళ్ళలో చేరేసరికి అక్టోబరు వచ్చింది. ఆగస్టులోనే మానేసి ఉంటే ఆ ఇంటికి రెండు నెలల జీతం పోయేది.

రెండు నెలలే గదా అనకండి. 1998 డీఎస్సీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అర్హత వచ్చిందనుకున్న వేలమంది, ఎంపికల మీద వచ్చిన వివాదాలతో కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2022లో ప్రభుత్వం సరేనంటే, 2023లో నాలుగు వేల పైచిలుకు మందికి కాంట్రాక్టు పద్ధతిన, కనీస వేతన స్కేలు మీద ఉద్యోగాలిచ్చారు. అప్పటికి చాలామందికి యాభై దాటాయి. పాతికేళ్ళు! ఆ కాలమంతా ఇల్లు ఎట్లా గడిచిందో వాళ్ళ భార్యలనడగాలి, భర్తలనడగాలి.

చట్టం మాటా అదే. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఉద్యోగం మీద తిరుగులేని హక్కు రాదని 1991లో సుప్రీంకోర్టు శంకర్‌సన్ దాష్ కేసులో చెప్పేసింది. ప్రైవేటు కంపెనీల ఆఫరు కాగితం కూడా అచ్చంగా నమ్మదగ్గదని చెప్పలేం. 2023 ఫిబ్రవరిలో విప్రో కంపెనీ, ఏడాదికి ఆరున్నర లక్షల జీతమని ఆఫరిచ్చిన కొత్త పిల్లల్ని మూడున్నర లక్షలకు వస్తారా అని అడిగింది. మన పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు కంపెనీలకు వెళ్తారు కాబట్టి చెబుతున్నాను. ఫోనులో "మీరు సెలెక్టయ్యారు" అన్న మాటకు రాజీనామా ఇవ్వకూడదు. జీతం, ఊరు, చేరవలసిన తేదీ మూడూ రాసి, సంతకంతో ఉన్న కాగితం రావాలి. వైద్య పరీక్ష, పాత ఉద్యోగం వాకబు లాంటి షరతులేమైనా ఉంటే అవీ తీరాలి.

ఇక మా అమ్మాయి విషయంలో అసలు చిక్కు వేరే చోట వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆ బడివాళ్ళు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారట! డీఎస్సీ పరిశీలనకు అవి కావాలి. అడిగితే "ఇవాళ రా, రేపు రా" అని నాలుగు రోజులు తిప్పారు. ఆ పిల్ల ఇంకా అక్కడ పనిచేస్తూ ఉంది, పదో తరగతికి లెక్కలు చెబుతూ ఉంది కాబట్టి, చివరికి మొహం ముడుచుకునైనా ఇచ్చారు. ముందే రాజీనామా విసిరేసి వచ్చి ఉంటే ఎన్నాళ్ళు తిప్పేవారో! అసలు ఒరిజినల్స్ ఎవరి దగ్గరా పెట్టకూడదు. పరిశీలనకు చూపించి, జిరాక్సులిచ్చి, వెనక్కి తెచ్చుకోవాలి. ఇప్పటికే పెట్టి ఉంటే, రాజీనామా మాట ఎత్తకముందే తెచ్చుకోవాలి.

అట్లాగని కొందరు చేసినట్టు కొత్త కాగితం జేబులో పెట్టుకుని, చివరిరోజు దాకా నోరు విప్పకుండా, తెల్లారి మాయమైపోవడం కూడా మంచిది కాదు. పదో తరగతి పిల్లలేం పాపం చేశారు? పైగా అనుభవ ధ్రువపత్రం, రిలీవింగు కాగితం మళ్ళీ వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. ఉత్తర్వు అందిన రోజో మర్నాడో రాజీనామా ఇచ్చేయడం మేలు. చేరినప్పటి కాగితంలో నోటీసు ఒక నెలా, మూడు నెలలా అన్నది ముందే చూసుకుని ఉంచుకోవాలి. గడువు చాలకపోతే కొత్త చోట కొంత వ్యవధి అడగవచ్చు. కుదరకపోతే తక్కువైన రోజుల జీతం కట్టి బయటపడే వీలుందేమో చూడాలి.

మా అమ్మాయి ఉత్తర్వు అందుకునేసరికి బళ్ళకు దసరా సెలవులు. దేవరగట్టు బన్ని ఉత్సవానికి చుట్టాలు దిగుతున్నారు, ఇంట్లో పండగ హడావిడి. అయినా ఆదోని వెళ్ళి కరెస్పాండెంటు ఇంట్లోనే ఇచ్చి వచ్చింది. నాలుగే వాక్యాలు: ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, ఫలానా తేదీ దాకా పనిచేస్తాను, సిలబస్ ఎంతవరకు అయిందో కొత్తగా వచ్చేవారికి రాసిస్తాను, ఇన్నాళ్ళు అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు. సణుగుడు సంగతి రాయలేదు, నేనే వద్దన్నాను. రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకుంది.

తేదీ వేసేముందు ఇంకో లెక్క చూసుకోవాలి. ఒకచోట ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున. ప్రైవేటు బడి టీచర్లకు రాదని చాలామంది అనుకుంటారు గానీ, 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేశారు. 2022లో సుప్రీంకోర్టు అది సరైనదేనంది. ఐదేళ్ళకు పది రోజులు తక్కువ ఉంటే, ఆ పది రోజులు ఆగడానికి వీలవుతుందేమో చూడండి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం, మానేసినవారి జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ప్రావిడెంటు ఫండు ఉంటే, మానేసిన తేదీ ఆ ఖాతాలో ఎక్కిందో లేదో కూడా చూసుకోవాలి.

ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారి దారి వేరు. గ్రామ సచివాలయంలో పనిచేస్తూ టీచరు ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు గదా, వారు ఉత్త రాజీనామా ఇస్తే వెనకటి సర్వీసు పోతుంది. పై అధికారి అనుమతితో, ఫలానా ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికే రాజీనామా చేస్తున్నానని స్పష్టంగా రాస్తేనే అది నిలుస్తుంది. ఈ ఒక్క వాక్యం మరిచిపోతే తర్వాత పింఛను లెక్కల దగ్గర బాధపడాలి.

కొత్త ఉద్యోగి పేరు జీతాల బిల్లుకెక్కేదాకా మొదటి జీతం ఆలస్యం కావడం మామూలే. ఆ అమ్మాయికీ ఆలస్యమే అయింది. ఆదోని బడిలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పనిచేసి తెచ్చిన 24,000 రూపాయల్లోనే వాళ్ళమ్మ పండగ చేసింది, రెండు చీటీ వాయిదాలు కట్టింది, కొత్త ఊళ్ళో అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చింది. మిగిలిన దాంతో జొన్నలు కొని డబ్బాకు పోసింది.