హతసాక్షులు - తొలి క్రైస్తవ సంఘం

దేశం కోసమో, ఉద్యమం కోసమో ప్రాణాలిచ్చిన వారిని మనం ‘అమరవీరులు’ అంటాము. తెలుగు క్రైస్తవులకు మరొక మాట కూడా ఉన్నది - ‘హతసాక్షి’. చంపబడిన సాక్షి అని అర్థం. వీరుని చేతిలో ఆయుధం ఉండవచ్చు. సాక్షి చేతిలో ఏమీ ఉండదు, అతనికున్నది నోటిమాట ఒక్కటే. గ్రీకు భాషలో ‘మార్తుస్’ అంటే మొదట న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పేవాడు, అంతే. చావుతో ఆ మాటకు సంబంధమే లేదు. క్రీ.శ. రెండవ శతాబ్దం నడిమికి వచ్చేసరికి, విశ్వాసం కోసం మరణించినవాడు అనే అర్థం దానికి స్థిరపడింది. ఈ మార్పులోనే తొలి క్రైస్తవ సంఘ చరిత్ర చాలా వరకు ఇమిడి ఉన్నది.

రోము చక్రవర్తులు మూడు వందల ఏళ్ళు ఎడతెగకుండా క్రైస్తవులను సింహాలకు వేశారని చాలామంది అనుకుంటారు. సినిమాలు కూడా అలాగే చూపించాయి. చరిత్ర అంత సూటిగా లేదు. క్రీ.శ. 64లో రోము నగరం తగలబడినప్పుడు నీరో ఆ నింద క్రైస్తవుల మీద వేసి ఘోరంగా చంపించాడు. కాని అది ఆ నగరానికే పరిమితం. సుమారు 112లో, నల్లసముద్రపు ఒడ్డునున్న బితూనియ-పొంతు గవర్నరు ప్లినీ, వీళ్ళను ఏం చేయాలో తోచక త్రాజన్ చక్రవర్తికి జాబు వ్రాశాడు. వాళ్ళను వెదకి పట్టుకోవద్దు, ఎవరైనా పట్టి ఇచ్చి నేరం రుజువైతే శిక్షించు, దేవతలను పూజిస్తే వదిలేయి, ఆకాశరామన్న ఉత్తరాలను లెక్కచేయవద్దు - ఇదీ త్రాజన్ జవాబు సారాంశం. అంటే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉండేది గాని, ప్రతిరోజూ మీద పడేది కాదు. హతసాక్షులు సులభంగా లెక్కపెట్టగలిగినంత కొద్దిమందే అని మూడవ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిగెన్ స్వయంగా వ్రాశాడు.

మరి కొద్దిమంది చావుకు అంత బలం ఎక్కడనుండి వచ్చింది? జ్ఞాపకం నుండి వచ్చింది. ధర్మశాస్త్రం కోసం చిత్రహింసలు భరించిన మక్కబీయుల కాలపు యూదుల కథలు వారికి ముందే తెలుసు. యేసు సిలువ మరణం సరేసరి. అపొస్తలుల కార్యములలో స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపుతూ ఉంటే, ఆ పక్కనే నిలబడి సమ్మతించిన సౌలు తరువాత పౌలుగా మారాడు. చూచినవాడు మారడం అనే భావం అక్కడే ఉన్నది.

సుమారు 155లో స్ముర్నలో, అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో, వృద్ధుడైన బిషప్ పొలికార్పును దహించారు. ఆ సంఘం వారు జరిగినదంతా జాబుగా వ్రాసి మరో ఊరి సంఘానికి పంపారు. ఆయన అస్థికలను భద్రపరచి, చనిపోయిన రోజునే ‘పుట్టినరోజు’గా జరుపుకోవాలని నిశ్చయించుకొన్నారు. ఆ జాబులోనే క్వింటస్ అనే వాని సంగతి కూడా ఉన్నది. తనంతట తానే ముందుకు ఉరికి, మృగాలను చూడగానే బెదిరి బలి అర్పించాడట. చావును వెదుక్కుంటూ పోవడాన్ని మేము మెచ్చుకోమని సంఘం స్పష్టంగా చెప్పింది.

ఇలాంటి రచనల్లో మామూలు మనుషులే కథానాయకులు. 180లో కార్తేజిలో శిక్ష పొందిన పన్నెండుమందిలో అయిదుగురు స్త్రీలు. ఆలోచించుకోవడానికి ముప్పై రోజుల గడువిస్తామన్నా వారు వద్దన్నారు. 203లో అదే నగరంలో, చంటిబిడ్డ తల్లియైన పెర్పెతువ, కొద్దిరోజుల ముందే చెరలో ప్రసవించిన దాసి ఫెలిసిత పక్కపక్కనే మరణించారు. యజమానురాలి వర్గం, దాసివర్గం ఒకే వరుసలో నిలబడడం ఆనాటి సమాజంలో చిన్న విషయం కాదు. ఆ కథనంలో పెర్పెతువ స్వయంగా వ్రాసినదని చెప్పే చెరసాల దినచర్య ఉన్నది. ముసలితండ్రి వచ్చి బ్రతిమాలుకొనే ఘట్టం నేటికీ మనసును కలచివేస్తుంది.

తెర్తుల్లియన్ క్రైస్తవుల రక్తాన్ని విత్తనంతో పోల్చాడు. అయితే పంట అంతా ఆ విత్తనం నుండే వచ్చిందా? 250లో డెసియస్ చక్రవర్తి ఆజ్ఞ ఈ ప్రశ్నకు మరో జవాబు చూపిస్తుంది. అందరూ దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చినట్లు సర్టిఫికెట్ పొందాలన్నాడు. అటువంటి పత్రాలు నలభైకి పైగా ఈజిప్టులో దొరికాయి. క్రైస్తవులు గుంపులు గుంపులుగా లొంగిపోయారు. కొందరు బలి ఇవ్వకుండానే పత్రం కొనుక్కొన్నారు. కార్తేజి బిషప్ సిప్రియన్ కూడా అప్పుడు అజ్ఞాతంలోకి వెళ్ళాడు.

ఆపద తగ్గాక లొంగిపోయినవారు తిరిగివచ్చి తలుపు తట్టారు. వాళ్ళను చేర్చుకోవాలా? వద్దంటే చనిపోయినవారికి గౌరవం. రమ్మంటే బ్రతికినవారికి దిక్కు. ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకోవచ్చునని సిప్రియన్ పక్షం, ససేమిరా కుదరదని రోములో నొవేషియన్ పక్షం. చివరకు మొదటి మార్గమే నిలిచింది. అలా క్షమించిన సిప్రియనే 258లో ఖడ్గానికి తల వంచాడు. 303లో మొదలైన డయోక్లీషియన్ హింస తరువాత, గ్రంథాలు అధికారులకు అప్పగించిన వారి విషయంలో ఇదే తగాదా లేచి, ఉత్తర ఆఫ్రికా సంఘాన్ని శతాబ్దాల తరబడి రెండుగా చీల్చింది.

కాబట్టి హతసాక్షులు క్రైస్తవ సంఘానికి జ్ఞాపకాన్ని, పండుగలను, ఒక ఆదర్శాన్ని ఇచ్చారు. కాని ఆ సంఘంలోని జనం ఎక్కువమంది అంత ధైర్యం లేనివారే. వారిని వెలివేసి ఉంటే అది పవిత్రమైన చిన్న గుంపుగానే మిగిలిపోయేదేమో!

ఒక మనిషి ప్రాణమిచ్చినంత మాత్రాన అతను నమ్మినది సత్యమని రుజువు కాదు. అతను దానిని మనసారా నమ్మాడన్నదే రుజువౌతుంది. మిగిలినది బ్రతికి ఉన్నవారి బాధ్యత - చనిపోయినవారిని ఎలా తలచుకోవాలి, చనిపోలేకపోయిన వారితో ఎలా మెలగాలి అన్నది. అమరుల పేర నినాదాలిచ్చే ఏ తరానికైనా ఈ రెండవ ప్రశ్నే కష్టమైనది.