పేస్లిప్పులో ఆ ఒక్క గీత

పోయిన ఉగాదికి ఓ మిత్రుడింట్లో భోజనాలయ్యాక నలుగురం బాల్కనీలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఓ కుర్రాడు ఉన్నట్టుండి అడిగాడు, "అన్నా, నా పేస్లిప్పులో సిండా అని నెలకి పన్నెండు డాలర్లు కోస్తున్నారు. ఇదేంటి? ఆపించుకునే దారేమన్నా ఉందా?"

ఉందని ఒకరన్నారు, ఫారం నింపి ఇస్తే చాలట. అది తమిళవాళ్ళ సంఘం కదా, మనకెందుకు కోస్తారని ఇంకొకరన్నారు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఎందుకంటే, ఏళ్ళ తరబడి ఆ డబ్బు కడుతున్న నాకు కూడా అదెక్కడికి పోతుందో తెలీదు. ఇంటికొచ్చాక సిగ్గేసి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలుసుకుంటూ పోతే ఆ దారి చివరికి నన్ను చాంగీ జైలు గోడ దాకా తీసుకెళ్ళింది. ఆ సంగతే ఇక్కడ చెప్పబోయేది.

ముందు ఆ పన్నెండు డాలర్ల లెక్క. సిండా అంటే సింగపూర్ ఇండియన్ డెవలప్‌మెంట్ అసోసియేషన్. 1991లో పుట్టింది. అంతకుముందు భారతీయ కుటుంబాల పిల్లలు బళ్ళో, ముఖ్యంగా లెక్కల్లో వెనకబడుతున్నారని ఒక కమిటీ వేసి అధ్యయనం చేయించారు. ఆ నివేదిక ఫలితమే ఈ సంస్థ. మలయ్ ముస్లింలకి మెండాకీ, చైనీయులకి సీడాక్, యూరేషియన్లకి వాళ్ళ సంఘం ఉన్నట్టే మనకిది. భారత ఉపఖండం మూలాలున్న పౌరులు, పీఆర్‌లు, ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చినవాళ్ళు అందరూ కట్టాలి. ఎవరెవరు కట్టాలో చెప్పే ప్రభుత్వ జాబితాలో తమిళులతో పాటు తెలుగువాళ్ళ పేరు కూడా విడిగా రాసి ఉంది. 2015లో మార్చిన రేట్ల ప్రకారం వెయ్యి డాలర్ల లోపు జీతగాడు నెలకి ఒక డాలరు, పదిహేను వేలు దాటినవాడు ముప్ఫై డాలర్లు. మనవాడి పన్నెండు డాలర్లు ఏడున్నర వేలకీ పదివేలకీ మధ్య జీతానికి సరిపోతాయి. (అడక్కుండానే అతని జీతం తెలిసిపోయిందన్నమాట!)

ఆ డబ్బుతో నడిచేవాటిలో పేరున్నది స్టెప్ అనే ట్యూషన్ తరగతులు. ఫీజు నామమాత్రం. బళ్ళు తెరిచేముందు పిల్లలకి సంచులూ, పుస్తకాలకి కూపన్లూ ఇస్తారు. ఇంతవరకూ మనం ఊహించగలిగేదే. ఊహించనిది ఏమిటంటే, సిండా చూసుకునే కుటుంబాల్లో తండ్రో తల్లో జైల్లో ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి. ఈ ఊళ్ళో పేదరికం, జైలు అనేవి రెండు వేర్వేరు విషయాలు కావు. అధికారికంగా దారిద్ర్యరేఖ అంటూ ఒకటి లేని దేశం ఇది. కాబట్టి బీదవాడు లెక్కల్లో కనబడడు. ఒక గది, రెండు గదుల అద్దె ఫ్లాట్లున్న హెచ్‌డీబీ బ్లాకుల్లోకి వెళ్తే కనబడతాడు. సంపాదించే మనిషి మత్తుమందు కేసులో లోపలికి వెళ్ళాడంటే ఆ ఇల్లు కూలిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. ముందు కరెంటు బిల్లు ఆగుతుంది, ఆ తర్వాత పెద్దపిల్లాడు బడి మానేసి ఏదో పనికి పోతాడు. పదేళ్ళ తర్వాత వాడు కూడా అదే గేటు ముందు నిలబడితే ఆశ్చర్యపోయేదేముంది?

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. రెండేళ్ళ క్రితం ఇల్లు మారాం. సామాన్లు మోయడానికి ముగ్గురు మనుషులొచ్చారు. వాళ్ళలో పెద్దాయనకి యాభై పైబడి ఉంటాయి, తమిళుడు. మణికట్టు దాకా పచ్చబొట్లు. మా దేవుడి మందసాన్ని ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని ఎత్తాడు. మధ్యలో టీ ఇస్తే తాగుతూ, నాకొచ్చిన ముక్కల తమిళంలో నేనడిగినదానికి జవాబుగా, మొత్తం కలిపితే పన్నెండేళ్ళు లోపల ఉన్నానని మామూలుగా చెప్పాడు. నేను కూడా మామూలుగానే విన్నాను. ఐదు నిమిషాల తర్వాత మాత్రం బెడ్‌రూములోకి వెళ్ళి, మా ఆవిడ నగలున్న సంచీ తీసి నా భుజానికి తగిలించుకున్నాను. ఆయన చూశాడు. ఏమీ అనలేదు. సాయంత్రం దాకా సామాన్లు మోస్తూనే ఉన్నాడు, నేను ఆ సంచీ మోస్తూనే ఉన్నాను.

ఆయన చెప్పినదాంట్లో నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. బయటికొచ్చాక పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్ళాడట. ప్రతిచోటా, "మేమే ఫోన్ చేస్తాం" అన్నారట. ఫోను బిల్లు కట్టలేక లైను పోయేవరకూ ఎదురుచూశాడట.

దీన్నే ఇక్కడివాళ్ళు 'రెండో జైలు' అంటారు. మొదటిదానికి గోడలుంటాయి, తేదీ ఉంటుంది. రెండోది పక్కింటివాడి చూపులో, ఉద్యోగమిచ్చేవాడి దరఖాస్తు ఫారంలో, నాలాంటివాడి భుజాన ఉన్న సంచీలో ఉంటుంది. ఆ రెండోదాని తాళం జైలు అధికారుల దగ్గర ఉండదు కదా! అందుకే 2004లో అప్పటి దేశాధ్యక్షుడు ఎస్. ఆర్. నాథన్ చేతుల మీదుగా ఎల్లో రిబ్బన్ ఉద్యమం మొదలైంది. పేరు ఒక అమెరికన్ పాట నుంచి వచ్చింది. 1973లో మారుమోగిన ఆ పాటలో, శిక్ష ముగించుకుని ఇంటికొస్తున్నవాడు తనను రానిచ్చేట్టయితే చెట్టుకి పసుపు రిబ్బను కట్టమని కబురు పెడతాడు. మనకెలాగూ పసుపంటే శుభమే, కాబట్టి వేరే వివరణ అక్కర్లేదు.

రిబ్బన్లు పెట్టుకోవడం తేలికే. దాని వెనకాల యంత్రాంగం అంతకంటే పాతది, బరువైనది. శిక్ష తర్వాత ఆసరాగా నిలిచే ఆఫ్టర్‌కేర్ అసోసియేషన్ 1956 నుంచి, మత్తుమందుల వ్యతిరేక సంఘం సానా 1972 నుంచి పనిచేస్తున్నాయి. ఖైదీలకి పని నేర్పి, బయట ఉద్యోగం చూపించడానికి స్కోర్ అనే సంస్థ 1976లో వచ్చింది. 2020లో దానికి ఎల్లో రిబ్బన్ సింగపూర్ అని పేరు మార్చారు. చాంగీ జైలు లోపల వీళ్ళ బేకరీ ఉంది, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ ఉంది. మనలో ఎవరైనా ఇక్కడ ఆసుపత్రిలో చేరి ఉంటే, ఒక ఖైదీ ఉతికిన దుప్పటి కప్పుకునే ఉంటారేమో. 1989లో ఇస్కోస్ అనే సహకార సంఘం కూడా వచ్చింది. శిక్ష ముగించుకున్నవాళ్ళే అందులో సభ్యులు. 2000లో ఈ ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల్లో ముఖ్యమైనవాటిని కేర్ నెట్‌వర్క్ పేరుతో ఒకచోటికి చేర్చారు.

ఇది నడిచే పద్ధతి చెప్తాను. ప్రవర్తన బాగున్న ఖైదీ సాధారణంగా మూడింట రెండువంతుల శిక్ష తర్వాత బయటికొస్తాడు. మిగతా కాలంలో తప్పు చేస్తే మళ్ళీ లోపలికే. విడుదలకి ముందు కొన్ని నెలలు కొందరిని హాఫ్‌వే హౌస్‌లకి పంపుతారు. అక్కడుంటూ పగలు ఉద్యోగానికి వెళ్ళి రావాలి. వీటిలో ఆశ్రమ్ అనేదాన్ని మన హిందూ ఎండోమెంట్స్ బోర్డువాళ్ళు నడుపుతున్నారు. మనం పండక్కి వెళ్ళే శ్రీ మారియమ్మన్, శ్రీనివాస పెరుమాళ్ గుళ్ళను చూసే బోర్డే ఇది. హుండీలో వేసేటప్పుడు ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. విడుదలైనవాడు ఉద్యోగంలో నిలదొక్కుకునేదాకా కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకడుంటాడు. ఒంటిమీద ముఠా పచ్చబొట్లున్నవాళ్ళకి వాటిని చెరిపించుకోవడానికి ఎల్లో రిబ్బన్ నిధి నుంచి సాయం కూడా ఉంది. 2010 నుంచి పేటల్లోని వాలంటీర్లు కొత్తగా జైలుకెళ్ళినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, పిల్లలెలా ఉన్నారు, బడికి పోతున్నారా అని చూసి వస్తున్నారు. నన్నడిగితే అన్నింట్లోకీ అదే అసలైన పని. జైలుకెళ్ళినవాడి ఇంటి తలుపు తట్టి లోపలికెళ్ళడం చిన్న విషయమేం కాదు.

ఫలితముందా అంటే, 1998లో విడుదలైనవాళ్ళలో రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ పట్టుబడినవాళ్ళు నూటికి 44 మంది. 2020లో విడుదలైనవాళ్ళలో 20 మంది. బాగా తగ్గినట్టే. కానీ రెండేళ్ళ తర్వాత జారిపడేవాళ్ళూ తక్కువేం కాదు, ఐదేళ్ళ లెక్క తీస్తే సంఖ్య బాగా పెరుగుతుంది. ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, అందులో మూడేళ్ళు ఉండగలగడం ఇంకో ఎత్తు. చిన్న తప్పులకి, అంటే మూడు నెలల లోపు జైలు, రెండువేల లోపు జరిమానా పడినవాళ్ళకి, ఐదేళ్ళు మచ్చ లేకుండా గడిపితే పాత కేసు చెల్లిపోయినట్టే లెక్కగట్టే నిబంధన 2005లో తెచ్చారు. పెద్ద శిక్షలవాళ్ళని ఆ నిబంధన ఆదుకోలేదు. బెన్నీ సె టియో అనే ఆయన మత్తుమందుల నుంచి, జైలు నుంచి బయటపడి, 2007లో ఎయిటీన్ షెఫ్స్ హోటళ్ళు మొదలుపెట్టి తనలాంటివాళ్ళకే ఉద్యోగాలిచ్చాడు. మా పిల్లలకి అక్కడి చీజ్ అన్నం ఇష్టం. ఆ హోటల్ కథ తెలియకముందు నుంచీ తింటున్నారు.

నిజానికి జైలు నుంచి వచ్చిన భారతీయుడికి ఈ ఊళ్ళో పని దొరకడం కొత్త కథ కాదు. 1825 ఏప్రిల్లో బెంకూలెన్ నుంచి మద్రాసు, బెంగాల్ ఖైదీలను ఓడల్లో ఇక్కడికి తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన గంజాం, విశాఖపట్నం నుంచి నెల్లూరు, కడప దాకా అంతా అందులోదే. 1873లో ఆ ఖైదీల వ్యవస్థ ఎత్తేసేదాకా రోడ్లు, వంతెనలు వేసింది వాళ్ళే. సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టిందీ వాళ్ళే. దాని గోడలకి మద్రాసు సున్నం పూశారు, అందులో కోడిగుడ్ల తెల్లసొన, బెల్లం, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళు కలిపారు. మనూళ్ళో తాతల కాలం మేడల గచ్చు చూసినవాళ్ళకి ఇది పరిచయమైన సంగతే. ఖైదీల మీద కాపలాకి ఖైదీలనే పెట్టేవారు. మంచిగా ఉన్నవాడికి బయట బతకడానికి చీటీ ఇచ్చేవారు. విడుదలయ్యాక చాలామంది నేర్చుకున్న పనితోనే ఇక్కడ బళ్ళు తోలుకుంటూ, ఆవుల్ని మేపుకుంటూ స్థిరపడ్డారు. ఈ దేశానికి వచ్చిన మొదటి భారతీయుల్లో వీళ్ళూ ఉన్నారు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మనకంటే ముందు వీళ్ళకే దొరికిందనుకోవాలి!

మన దగ్గర ఇలాంటి ప్రయత్నం లేదా అంటే, స్టూవర్టుపురం ఉంది. బాపట్ల దగ్గరి ఆ ఊరి పేరు వినగానే మనకి సినిమాలు గుర్తొస్తాయి. నేరస్థ జాతులని ముద్రవేసిన కుటుంబాలను 1913 ప్రాంతంలో తెచ్చి పెట్టిన కాలనీ అది. సాల్వేషన్ ఆర్మీ నడిపింది. చట్టం 1952లో పోయినా ముద్ర పోలేదు. 1970లలో హేమలతా లవణం, లవణం ఆ ఊళ్ళోకి వెళ్ళి, దొంగలనే పేరుపడ్డవాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని మాట్లాడారు, పిల్లలకి చదువు, పెద్దలకి పని చూపించే ప్రయత్నం చేశారు. హేమలత మహాకవి జాషువా కుమార్తె. ముద్ర సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా మనకెందుకని బాల్కనీలో అడిగినవాళ్ళది పూర్తిగా తప్పనను. పాస్ మీద ఉన్నవాడు నేరం చేస్తే శిక్ష అయ్యాక స్వదేశానికి పంపేస్తారు. వాడికి హాఫ్‌వే హౌస్ ఉండదు, విమానం టికెట్టే. అందుకే ఇది మనది కాని కథలా కనిపిస్తుంది. కానీ మన పిల్లలు పీఆర్‌లు, పౌరులు అవుతున్నారు. పౌరులూ పీఆర్‌లూ విదేశంలో సరదాకి మత్తుమందు వాడినా ఇక్కడి చట్టం ఊరుకోదు. అలాంటిది మనలో ఎవరింట్లో జరిగినా ఆ ఇల్లు మాట్లాడదు, ఊరు మారుస్తుంది. అప్పుడు తలుపు తట్టే మనిషి తెలుగువాడై ఉండడని మాత్రం గట్టిగా చెప్పగలను. మనకి పద్యం పోటీలకి వాలంటీర్లు దొరుకుతారు గానీ, వారానికో సాయంత్రం అద్దె ఫ్లాట్ల పిల్లలకి లెక్కలు చెప్పడానికి ఎంతమంది వెళ్తున్నాం? నేను ఈమధ్యే పేరిచ్చాను, ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ కుర్రాడికి ఇదంతా ఫోనులో చెప్పాను. ఫారం ఇచ్చాడో లేదో అడగలేదు. వచ్చే నెల ఇల్లు మారుతున్నానని, సామాన్లు మోసేవాళ్ళెవరైనా తెలుసా అని తనే అడిగాడు. నాకు తెలిసిన కంపెనీ అదొక్కటే. నెంబరు పంపించాను. ఆ పెద్దాయన సంగతి ముందే చెప్పాలా వద్దా అని ఆ రాత్రి మా ఆవిడా నేనూ చాలాసేపు వాదించుకున్నాం. చెప్తే అతను కూడా సంచీ భుజాన వేసుకుంటాడని తను, చెప్పకపోతే దాచానంటాడని నేను. ఇంకా తేలలేదు, ఇల్లు మారేది పదో తారీఖున.