డ్రోన్ కెమెరాకు తూకమే ప్రాణం

అప్పు చేసి డ్రోన్ కొని పెళ్లి షూటింగులకు వెళ్లే పిల్లలు మన షోలాపూర్, భివండీ ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లు ముందు కాపాడుకోవాల్సింది గింబల్‌ను.

గింబల్‌లోని మూడు చిన్న మోటార్లు డ్రోన్ ఎటు వాలినా కెమెరాను నిలకడగా పట్టి ఉంచుతాయి. బరువు ఒకవైపు ఎక్కువైతే మోటారు వేడెక్కుతుంది, బొమ్మ వణుకుతుంది.

కెమెరా విడిగా బిగించే రకమైతే బ్యాటరీ, కార్డు, ఫిల్టర్ అన్నీ పెట్టాక, స్విచ్ వేయకముందే తూకం చూడండి. ఏ కోణంలో వదిలినా కెమెరా అక్కడే నిలవాలి. ముందుకు వాలితే కాస్త వెనక్కి జరపండి.

చిన్న డ్రోన్లకు తూకం కంపెనీలోనే అయిపోతుంది. వాటికి బరువైన ఫిల్టర్ తగిలించకండి. ఆన్ చేసేముందు గింబల్ కవర్ తీయండి, సంచిలో పెట్టేముందు మళ్లీ వేయండి. దుమ్ములోంచి, గడ్డిలోంచి కాకుండా చదునైన పలక మీంచి ఎగరేయండి.

పడుగు బిగువు చూడకుండా మగ్గం స్విచ్ వేయం కదా! ఇదీ అంతే.