మంటకు ఊపిరి బ్లోయర్

తమ్ముళ్లకూ, నాకంటే ముందు ఈ హాస్టల్లో తిని, చదివి వెళ్లిన అన్నలకూ నమస్కారం.

ధరణికోటలో మాది కట్టెల పొయ్యి. మిరప కోతకు వెళ్లొచ్చాక అమ్మ ఊదుగొట్టంతో ఊదేది. పచ్చి కట్టెలైతే ఇల్లంతా పొగ. కాసేపు గట్టిగా ఊదితే మంట అందుకునేది, పొగ తగ్గేది. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.టెక్. థర్మల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. బాయిలర్ పాఠం వినగానే నాకు గుర్తొచ్చింది ఆ ఊదుగొట్టమే. బ్లోయర్ అంటే కరెంటుతో తిరిగే ఊదుగొట్టం, అంతే.

గాలి లెక్క

పాల డెయిరీలు, మందుల కర్మాగారాలు, పెద్ద వంటశాలలు ఆవిరితో నడుస్తాయి. ఆ ఆవిరిని తయారుచేసేది బాయిలర్. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది. అందుకే ఒక ఘనపు మీటరు మీథేన్ పూర్తిగా మండడానికి సుమారు 9.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. ప్రొపేన్‌కైతే సుమారు 24 కావాలి.

గాలి తగ్గితే మసి పడుతుంది. అంతకంటే ప్రమాదం, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గాలి మరీ ఎక్కువైతే వేడంతా చిమ్నీలోంచి పోతుంది, మంట బర్నర్ మీద నిలవదు. అందుకని లెక్క కంటే సుమారు 15 శాతం మాత్రమే ఎక్కువ ఇస్తారు. అప్పుడు పొగగొట్టం వాయువులో ఆక్సిజన్ 3 శాతం దగ్గర ఉంటుంది.

వెలిగే వరస

స్విచ్ వేయగానే గ్యాస్ రాదు. ముందు బ్లోయర్ తిరిగి, లోపల మిగిలిన గ్యాస్‌ను బయటికి తోలేస్తుంది. దీన్ని ప్రీపర్జ్ అంటారు. గాలి సరిపడా వస్తోందని ఎయిర్ ప్రెజర్ స్విచ్ చెప్పాలి. తర్వాత నిప్పురవ్వ, చిన్న మంట. మంట ఉందని సెన్సార్ చూశాకే పెద్ద వాల్వు తెరుచుకుంటుంది. ఎక్కడ తేడా వచ్చినా బర్నర్ ఆగిపోతుంది. అదే లాకౌట్.

నేను చూసిన సంగతి

పోయిన వేసవిలో ఒక కర్మాగారంలో ట్రైనింగుకు వెళ్లాను. పేరు అనవసరం. బ్లోయర్ మోటారు కాలిపోతే రివైండింగ్ చేయించి బిగించారు. బ్లోయర్ తిరుగుతోంది, చెయ్యి పెడితే గాలి తగులుతోంది. అయినా ప్రతిసారీ లాకౌటే. పని ఆగిపోయింది, పైనుంచి ఒకటే ఫోన్లు. ఆ స్విచ్‌కు వైరు ముక్క కలిపి నడిపించేద్దామన్నారొకరు. నిజం చెప్పాలంటే, నాకూ అదే నయమనిపించింది.

మేము బాబాయ్ అని పిలిచే పెద్ద ఆపరేటరు ఒప్పుకోలేదు. పని ఆగితే మాట పడతాం, స్విచ్‌ను మోసం చేస్తే ప్రాణం పోతుంది అన్నాడు. ప్రీపర్జ్ సరిగా జరక్క లోపల గ్యాస్ మిగిలితే, నిప్పురవ్వ పడగానే ఫర్నేస్ పేలుతుంది.

ఫిల్టరు చూశాం, శుభ్రంగా ఉంది. స్విచ్‌కు వెళ్లే చిన్న ట్యూబు చూశాం, చిరగలేదు. యు ఆకారపు గొట్టంలో నీళ్లు పోసి ఒత్తిడి కొలిచాం. రికార్డు పుస్తకంలో రాసిన దానికంటే బాగా తక్కువుంది. అంటే స్విచ్ నిజమే చెబుతోంది. చివరకు బాబాయ్ మోటారు ఆపించి, ఫ్యాను ఆగేముందు ఏ వైపు తిరుగుతోందో చూడమన్నాడు. కేసింగ్ మీద బాణం గుర్తుకు ఎదురు తిరుగుతోంది! మోటారు బిగించినప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి.

ఇలాంటి సెంట్రిఫ్యూగల్ ఫ్యాను ఎదురు తిరిగినా గాలి అదే దారిన బయటికి వస్తుంది, కాని తక్కువగా వస్తుంది. అందుకే అందరం మోసపోయాం. మెయిన్ ఆపి, తాళం వేసి, రెండు వైర్లు మార్చాక బర్నర్ మొదటిసారికే వెలిగింది.

ఏది ముందు చూడాలి?

ఏది విప్పాలన్నా ముందు కరెంటు ఆపాలి, గ్యాస్ వాల్వు మూయాలి.

1. బ్లోయర్ అసలు తిరగకపోతే: కరెంటు, ఫ్యూజు, ఓవర్‌లోడ్ రిలే చూడాలి. మోటారు గుయ్యిమంటూ నిలబడితే ఒక ఫేజు పోయి ఉండవచ్చు, లేదా బేరింగు పట్టేసి ఉండవచ్చు. కారణం తెలియకుండా రిలేను మళ్లీమళ్లీ రీసెట్ చేస్తే మోటారు కాలిపోతుంది.

2. తిరిగినా గాలి తక్కువైతే: గాలి లోపలికి వెళ్లే జాలీ, ఇంపెల్లర్ రెక్కల మీద దుమ్ము, వదులైన బెల్టు, జారిన డ్యాంపర్ లింకు, తిరిగే దిశ చూడాలి. చిమ్నీకి అడ్డం పడిందేమో, బాయిలర్ గది కిటికీలు మూసేశారేమో కూడా చూడాలి.

3. గాలి సరిగా ఉన్నా స్విచ్ ఒప్పుకోకపోతే: ట్యూబు ఊడిందా, పగిలిందా, అందులో నీరు చేరిందా? ఇవన్నీ చూశాకే స్విచ్‌ను అనుమానించాలి.

4. శబ్దం, అదురు వస్తే: బేరింగు అరిగి ఉండవచ్చు. రెక్కలకు ఒకవైపే దుమ్ము పట్టినా ఫ్యాను తూకం తప్పుతుంది.

మన వంటగదికీ ఇదే పాఠం

గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులో సాగుతూ గిన్నెల అడుగున మసి పడుతుంటే గాలి అందడం లేదన్నమాట. బర్నర్ శుభ్రం చేయించండి, వంటగది కిటికీలు మూయకండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి పెద్దలకు చెప్పండి.

తమ్ముళ్లూ, పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ దారిలో వెళ్లేవారికి ఈ రంగంలో పని ఉంది. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చినా, బాయిలర్ దగ్గర అర్హత ఉన్న మనిషి ఉండాల్సిందే. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ గురించి అడిగి తెలుసుకోండి. అన్నల్లో ఈ పనిలో ఉన్నవారు సెలవుల్లో ఒకసారి వచ్చి పిల్లలకు చెబితే ఇంకా మేలు.

పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు ఈ సంగతంతా చెప్పాను. అంతా విని, ఊదడం తెలియనివాడు పొయ్యి వెలిగించకూడదని మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పిందిలే అంది.