కొత్త గుండెకు పాత శత్రువు

1969 ఆగస్టు 17న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో ఫిలిప్ బ్లైబర్గ్ అనే దంతవైద్యుడు కన్నుమూశాడు. అప్పటికి పంతొమ్మిది నెలలుగా ఆయన మరొకరి గుండెతో జీవిస్తున్నాడు. 1968 జనవరి 2న డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ఆయనకు అమర్చిన ఆ గుండె 24 ఏళ్ల యువకునిది. అయినా శవపరీక్షలో దాని రక్తనాళాలు కొవ్వు పేరుకొని పూడుకుపోయి కనిపించాయి. సాధారణంగా దశాబ్దాల తరబడి సాగే వ్యాధి రెండేళ్లయినా నిండకముందే ఆ పడుచు గుండెను కబళించింది.

శరీరానికి తనదేదో, పరాయిదేదో గుర్తించే శక్తి ఉంది. ప్రాణం నిలిపేందుకు వచ్చిన గుండె అయినా సరే, తెల్ల రక్తకణాలు దానిని శత్రువుగానే ఎంచి దాడి చేస్తాయి. దీనినే వైద్యులు తిరస్కృతి అంటారు. ఇది రెండు విధాలు. మొదటిది శస్త్రచికిత్స జరిగిన తొలి నెలల్లో ఉద్ధృతంగా వచ్చేది. రెండవది ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగేది. ఇందులో గుండెకు రక్తం అందించే ధమనుల లోపలి పొర దళసరెక్కి, దారి ఇరుకవుతుంది. మార్పిడి సమయంలో గుండెకున్న నాడులు తెగిపోతాయి కనుక ఛాతీనొప్పి అనే హెచ్చరిక సాధారణంగా రాదు. అందుకే ఈ రోగులకు పైకి ఏ బాధా లేకపోయినా వైద్యులు నిర్ణీత కాలానికొకసారి యాంజియోగ్రాం తీస్తారు.

నార్వే దేశపు మట్టిలోని ఒక శిలీంధ్రం నుండి లభించిన సైక్లోస్పోరిన్ 1980 దశకంలో వాడుకలోకి వచ్చి, గుండె మార్పిడి చరిత్రనే మార్చివేసింది. ఉద్ధృతమైన తిరస్కృతికి అది కళ్లెం వేసింది. కాని ఆ మందూ, దానితో పాటు ఇచ్చే స్టీరాయిడ్లూ రక్తంలో కొవ్వును పెంచుతాయి. ఆ కొవ్వు ధమనుల పూడికకు దోహదం చేస్తుంది. కాపలా కాయవలసిన కంచే చేను మేసినట్లయింది.

ఈ చిక్కుకు విరుగుడు మరొక బూజు నుండి వచ్చింది. 1973లో జపాన్ శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో, కాలేయంలో కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే పదార్థాన్ని ఒక బూజులో కనుగొన్నాడు. స్టాటిన్ అనే మందుల వర్గానికి అదే మూలం. ఆ వర్గంలోని ప్రావస్టాటిన్‌ను లాస్ ఏంజలిస్‌లో డాక్టర్ జాన్ కొబాషిగావా బృందం గుండె మార్పిడి రోగులపై పరీక్షించి, 1995లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం 97 మందిలో 47 మందికి శస్త్రచికిత్స అయిన రెండు వారాలలోపే ఈ మందు మొదలుపెట్టారు. మిగిలిన 50 మందికి ఇవ్వలేదు.

ఏడాది తరువాత చూస్తే, మందు వాడినవారి ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో కొలెస్టరాల్ సగటున 193 మిల్లీగ్రాములు, వాడనివారిలో 248. గుండె పనినే కుంటుపరచే తీవ్ర తిరస్కృతి మొదటి వర్గంలో ముగ్గురికి వస్తే, రెండవ వర్గంలో 14 మందికి వచ్చింది. ఏడాది దాటి జీవించినవారు మొదటి వర్గంలో 94 శాతం, రెండవ వర్గంలో 78 శాతం.

కొవ్వు తగ్గినంత మాత్రాన తిరస్కృతి ఇంతగా ఎందుకు తగ్గాలి? కొందరి రక్తాన్ని పరీక్షించగా, పరాయి కణాలను చంపే సంహారక కణాల దాడి బలం మందు వాడినవారిలో తక్కువగా ఉన్నట్లు తేలింది. అంటే ఈ మాత్ర కొవ్వును తగ్గించడంతో పాటు శరీరపు కావలి సేననూ కొంత శాంతింపజేస్తుందన్నమాట. అందువల్లనే నేడు కొలెస్టరాల్ మామూలుగా ఉన్న రోగులకు కూడా స్టాటిన్ ఇస్తున్నారు. అయితే సైక్లోస్పోరిన్‌తో కలిసినప్పుడు ఈ మందు రక్తంలో అధికంగా నిలిచి కండరాలకు హాని చేయగలదు. కనుక మోతాదు తక్కువగా ఉంచి, కండరాల నొప్పులు కనిపిస్తే వెంటనే పరీక్షించాలి.

మన దేశంలో అవయవ మార్పిడి చట్టం రూపొందిన 1994లోనే, ఆగస్టు 3న, రాజమండ్రిలో జన్మించిన డాక్టర్ పి. వేణుగోపాల్ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో తొలిసారిగా గుండె మార్పిడిని విజయవంతంగా నిర్వహించారు. అటువంటి శస్త్రచికిత్స కొన్ని గంటల్లో ముగుస్తుంది; ఆ గుండెను కాపాడుకోవడం మాత్రం జీవితకాలపు పని. ఒక కుటుంబం తన దుఃఖంలో దానం చేసిన గుండె అది. వేళకు మాత్ర వేసుకోవడం, భోజనంలో మితం పాటించడం, పరీక్షలు తప్పకపోవడం ఆ దానాన్ని నిలుపుకునే మార్గాలు.